హోప్ ఐలాండ్‌లో ఏమీ లేదనేవాళ్ళతో నా పేచీ

కాకినాడ నుంచి బోటెక్కి హోప్ ఐలాండ్‌ వెళ్ళొచ్చినవాళ్ళని ఎలా ఉందని అడిగితే చాలామంది ఒకే మాట చెబుతారు. "బానే ఉందండీ, ఇసుక తప్ప చూడ్డానికి ఏమీ లేదు." ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అన్నవాళ్ళ మీద కోపం కాదు, వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా. దీవి మీద ఒక బోర్డు లేదు, బోటువాడికి నేర్పినవాళ్ళు లేరు, స్కూలు పుస్తకాల్లో లేదు. అందుకే ఎండలో కాసేపు నడిచి, ఫోటోలు దిగి, కొబ్బరి బోండాం కూడా దొరకలేదని విసుక్కుంటూ తిరిగొచ్చేస్తారు. ఇప్పుడు అక్కడ రిసార్టులు కట్టాలి, వాటర్ స్పోర్ట్స్ పెట్టాలి అనే మాటలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తున్నాయి కాబట్టి నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను: ఆ దీవీ, దాని వెనకున్న నీళ్ళూ, ఆ నీళ్ళ ఒడ్డున కోరంగి నుంచి యానాం దాకా ఉన్న ఊళ్ళూ కలిపి ఈ తీరంలో మనకున్న అతి పెద్ద ఓడల చరిత్ర, యుద్ధాల చరిత్ర కూడా. ముందు దాన్ని జనానికి చెప్పాలి, కాపాడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

చరిత్ర అనగానే మనకి కోట కావాలి. బురుజు కావాలి, ఫిరంగి కావాలి, పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఒక రాతి గోడైనా కావాలి. గోదావరి సముద్రంలో కలిసే మొగల్లో అవి నిలవవు. ఇక్కడ నేలే కదులుతుంది. హోప్ ఐలాండ్‌నే తీసుకోండి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక దిబ్బ పట్టుమని రెండు వందల ఏళ్ళ క్రితం ఇలా లేదు. గోదావరి తెచ్చిన ఇసుకని నైరుతి రుతుపవనాల కాలంలో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి నెట్టుకుంటూ పోయింది, అది ఏటేటా మేట వేసి కాకినాడ వైపు చాచిన చెయ్యిలా పెరిగింది. అంటే ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఈ తీరం కోసం కొట్టుకున్న రోజుల్లో వాళ్ళ ఓడల మీంచి చూస్తే ఇప్పటి దీవి కనపడి ఉండదు. రేవులు పూడిపోవడానికి కారణమైన మట్టీ ఇసుకే ఇంకోచోట దీవిగా లేచి ఇంకో రేవుని నిలబెట్టాయి. నా దృష్టిలో ఇంతకన్నా గొప్ప కథ ఏ కోటకీ లేదు.

పూడిపోయిన ఆ రేవు కోరంగి.

ఇప్పుడు కోరంగి అంటే మడ అడవి, చెక్క వంతెన మీద నడక, బావురు పిల్లులు, నీటికుక్కలు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు, అది ఉండాల్సిందే. కానీ ఆ చెక్క వంతెన మీద నడిచేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, 19వ శతాబ్దం మొదట్లో ఈ తీరం మొత్తానికీ ఓడలు కట్టే పెద్ద కేంద్రం ఇదేనని? 1802 ప్రాంతంలో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు ఇక్కడ ఓడల మరమ్మతుకి డాక్ కట్టించాడు. కలకత్తాకీ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడని లోపలికి తెచ్చి బాగుచేయగల చోటు ఇదొక్కటేనని అప్పటి ఇంగ్లీషు రికార్డులు రాసుకున్నాయి. మ్యాపు తెరిచి ఆ రెండు చోట్లనీ ఒకసారి చూడండి, ఎంత దూరమో. మద్రాసులో ఓడ ఒడ్డుకి వచ్చే వీలే లేదు, అలల్లో చిన్న పడవల మీద మనుషుల్నీ సరుకునీ దింపుకోవాలి. మచిలీపట్నానిదీ ఇంచుమించు అదే బాధ. కోరంగిలో మాత్రం నది మొగ ఉంది, లోపలికొస్తే గాలివాన నుంచి రక్షణ ఉంది, కలప ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ పని తెలిసిన వడ్రంగులున్నారు.

ఈ వడ్రంగుల సంగతి కోరంగితో మొదలైంది కూడా కాదు. అంతకు నూట పాతికేళ్ళ ముందే, 1670ల్లో, డెల్టాకి అటు చివర నరసాపురం, మాధవాయిపాలెం దగ్గర ఇంగ్లీషువాళ్ళు మన వడ్రంగుల చేత ఓడలు కట్టించుకునేవాళ్ళు. ఆ కాలంలో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురంలో మంచి కలప, మంచి ఇనుము, మంచి పనివాళ్ళు దొరుకుతారని రాసిపెట్టాడు. అదేదో అతను మనకిచ్చిన సర్టిఫికెట్ అని చెప్పట్లేదు. డబ్బు పెట్టి కొనేవాడు మెచ్చుకున్నాడంటే ఆ పనిలో సత్తా ఉందన్నమాట, అంతే.

ఇక యుద్ధాలు. కోరంగి దాటి తాళ్లరేవు మీదుగా యానాం వైపు వెళ్తుంటే ఇంజరం అనే ఊరొస్తుంది. చాలామంది బస్సు కిటికీలోంచి బోర్డు కూడా చదవరు. 18వ శతాబ్దంలో ఇంజరం ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు, ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, ఏజెంట్ల ఇళ్ళూ సరుకు కొట్లూ. చుట్టుపక్కల పల్లెల్లో నేసిన సన్నబట్ట అక్కడికి చేరి ఓడలెక్కేది. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే యానాం, అది ఫ్రెంచివాళ్ళది. అటు కాకినాడ పక్కన జగన్నాథపురం డచ్చివాళ్ళది. యూరప్‌లో ఎవరు ఎవరితో తగువు పెట్టుకున్నా ఇక్కడ మన నేతగాళ్ళ గడపలో టెన్షన్ మొదలయ్యేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ తన సైన్యంతో వచ్చి ఇంజరం, బెండమూర్లంక, మాధవాయిపాలెం ఫ్యాక్టరీలని తీసేసుకున్నాడు, జూన్‌లో విశాఖపట్నం కూడా పట్టుకున్నాడు. బెండమూర్లంక అంటే మన అమలాపురం దగ్గరి లంక ఊరే. అక్కడ ఇప్పుడు కొబ్బరి తోటల మధ్య నిలబడి ఇది ఒకప్పుడు రెండు సామ్రాజ్యాల మధ్య చేతులు మారిన చోటు అని చెబితే ఊళ్ళోవాళ్ళే నమ్మరు.

సరిగ్గా ఏడాదిన్నరకి లెక్క తిరగబడింది. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద విశాఖపట్నం పంపాడు, విజయనగరం ఆనంద గజపతి రాజు అతనితో కలిశాడు, 1758 డిసెంబర్‌లో పిఠాపురానికి అవతల చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యంతో తలపడ్డారు. ఆ యుద్ధం ఎలా తేలిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇంగ్లీషు సైనికులు ఏపుగా పెరిగిన చేను వెనక ఉండిపోయారు. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకుని బయట కనపడుతున్నారు. ఆ ఎర్ర కోట్లని చూసి వాళ్ళే ఇంగ్లీషువాళ్ళనుకుని ఫ్రెంచి పటాలం వాళ్ళ మీదికి వెళ్ళింది, సిపాయిల్ని తరుముకుంటూ వరస చెదిరింది, అప్పుడు చేను వెనకనుంచి అసలు దెబ్బ పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది, ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచి పెత్తనం ముగిసింది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిది, అది మనందరికీ కంఠతా వచ్చు, రావాలి కూడా. కానీ ఈ తీరాన్ని కంపెనీ చేతిలో పెట్టిన చందుర్తిని మనం తలుచుకోం. ఆ ఎర్ర కోట్ల సిపాయిల్లో ఒక్కడి పేరైనా మనకి అందలేదు, వాళ్ళ దేహాలు అక్కడి పొలాల్లోనే కలిసిపోయి ఉంటాయి. యానాన్ని మాత్రం ప్రతి యుద్ధంలోనూ ఇంగ్లీషువాళ్ళు పట్టుకోవడం, సంధి కుదిరాక తిరిగివ్వడం నెపోలియన్ పడిపోయేదాకా సాగింది. చివరికి ఆ ఊరు ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి బయటపడింది 1954 జూన్ 13న. మన తాతల కాలం సంగతి.

కోరంగిని యుద్ధాలు చంపలేదు, తుపాన్లూ ఒండ్రూ చంపాయి. 1839 నవంబర్ తుపాను గురించి మీరు ఇంటర్నెట్లో చదివే ఉంటారు. మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల ఓడలు మునిగాయని ఒకరిని చూసి ఒకరు రాసేస్తుంటారు. ఆ అంకెల మీద నాకు నమ్మకం లేదు. ఇరవై వేల ఓడలంటే అప్పటి కోరంగి మొగలో ఎక్కడ పడతాయి? చిన్న పడవలన్నీ కలిపినా నాకు లెక్క కుదరదు. ఉప్పెన వచ్చింది నిజం, ఊరు కొట్టుకుపోయింది నిజం, రేవు మళ్ళీ ఎప్పటిలా లేవలేదన్నదీ నిజం. అంతకు ముందు 1789లో వచ్చిన ఉప్పెనలో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయని, తుపాన్లకి సైక్లోన్ అని పేరు పెట్టిన కలకత్తా పరిశోధకుడు హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ఇంటర్నెట్ ఈ రెండు తుపాన్లనీ కలిపి ఒకటి చేసేసింది. పెద్ద అంకె చెప్పి ఆశ్చర్యపరిచే బదులు రెండిటినీ విడివిడిగా, సరిగ్గా చెబితే చచ్చిపోయినవాళ్ళకి అదే మర్యాద.

కోరంగి మూతపడుతూ కాకినాడ లేచింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయాక మన పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు ఒక్కసారిగా ఎదిగింది. రేవంటే ఓడ గట్టుకి ఆనుకునే రేవు కాదు, ఓడ దూరంగా లంగరేసుకుంటే పడవలు సరుకు మోసుకెళ్ళాలి. అలా బయట సముద్రంలో లంగరేసిన ఓడ నిలవాలంటే అలల తాకిడి తగ్గాలి. తగ్గించింది హోప్ ఐలాండ్. ఇప్పటికీ కాకినాడ యాంకరేజి పోర్టులో బార్జీలు బియ్యం బస్తాలు వేసుకుని బయట ఆగిన ఓడల దగ్గరికి వెళ్తాయి, ఆ బియ్యం ఆఫ్రికా చేరుతుంది. ఏమీ లేదన్నారే ఆ ఇసుక, దాని వెనక ఇంత బతుకుంది.

మా ఇంట్లో ఈ రేవుకి ఇంకో పేరుండేది, రంగం వెళ్ళే దారి. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనే అనేవాళ్ళు. మా తాతయ్య అన్నగారు రంగంలో బియ్యం మిల్లులో పనిచేశారు. కాకినాడ నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు నడిచేవి, కోతలయ్యాక ఊళ్ళకి ఊళ్ళే మగాళ్ళు ఖాళీ అయ్యేవని మా మామ్మ చెప్పేది. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, ఓడలు నింపిందీ ఎక్కువగా మన తెలుగువాళ్ళే, వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చాయి, సమ్మె ముగిశాక వాళ్ళని పొమ్మన్నాయి, అక్కడ రాజుకున్న గొడవలో ఎంతోమంది మనవాళ్ళు చనిపోయారు. మారిషస్‌లో ఉన్న తెలుగువాళ్ళ పూర్వీకుల్లో చాలామంది కూడా ఈ కోరంగి రేవులోనే ఓడెక్కారు. అక్కడివాళ్ళు ఆ సంగతి మరిచిపోలేదు, మనం మరిచిపోయాం.

తర్వాత 1942. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఓడ దొరకనివాళ్ళు లక్షల మంది అడవులు, కొండలు పట్టి నడిచారు, మా పెద్ద తాతయ్య కూడా నడిచాడు. ఆయన ఇంటికి చేరకముందే యుద్ధం మా జిల్లాకి వచ్చేసింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే ఆ నౌకాదళం బంగాళాఖాతంలో సుమారు 20 సరుకు ఓడల్ని ముంచేసింది. కాకినాడలో జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకి బండ్ల మీద వెళ్ళిపోయారట. మామ్మకి అప్పటికి కొత్తగా పెళ్ళయింది. ఆ ఇంట్లో రంగం నుంచి ఉత్తరం లేదు, సముద్రం వైపు నుంచి విమానాల భయం. దీని గురించి అడిగితే ఆవిడ ఎక్కువ చెప్పేది కాదు, "ఆ ఏడు ఎవరం సరిగ్గా నిద్రపోలేదురా" అని మాత్రం అనేది. విశాఖ బాంబుల గురించి అయినా అప్పుడప్పుడు పేపర్లో వస్తుంది. కాకినాడ సంగతి, నాకు తెలిసి, ఎక్కడా ఒక ఫలకం మీద కూడా లేదు. ఎందుకు లేదు? ఒక రాయి, నాలుగు వాక్యాలు, దానికేమంత ఖర్చవుతుంది?

ఇదంతా పాతదేనని ఎవరైనా అంటే 2019 నవంబర్‌లో ఇదే కాకినాడ తీరంలో భారత్, అమెరికా సేనలు కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాలని గుర్తుచేస్తాను. ఓడల మీంచి సైనికులూ బండ్లూ ఒడ్డుకి దిగడం, తుపాను బాధితులకి సాయం అందించడం సాధన చేశారు. 2024 మార్చిలో, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ చేశారు. ఓడ మీంచి తీరానికి సైన్యాన్ని దింపడానికి ఈ చోటు అనువుగా ఉంటుందని ఇన్ని వందల ఏళ్ళుగా అందరికీ అర్థమవుతూనే ఉంది, ఒడ్డున ఉండే మనకి తప్ప.

నా ఫ్రెండ్ ఒకడు టూరిజం వ్యాపారంలోనే ఉన్నాడు, వాడి వాదన వేరు. "ఒరేయ్, చరిత్ర చూడ్డానికి ఎవడొస్తాడ్రా, జనానికి జెట్ స్కీ కావాలి" అంటాడు. వాడికి నేనెప్పుడూ విశాఖ సబ్‌మెరైన్‌నే చూపిస్తాను. కురుసుర అనే జలాంతర్గామిని 2002లో బీచ్‌లో మ్యూజియంగా పెట్టారు. సెలవు రోజుల్లో క్యూ ఎలా ఉంటుందో వాడికీ తెలుసు. లోపల ఉన్నదేంటి, ఇరుకు దారి, పైపులు, మీటర్లు, నావికులు పడుకునే బల్లలు. కానీ ఒక మనిషి పక్కన నిలబడి ఇక్కడ ఇలా బతికేవాళ్ళు అని చెబుతాడు, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. చెప్పే మనిషి ఉంటే జనం వస్తారు, నాకు ఆ నమ్మకం ఉంది.

చెప్పగలిగే మనుషులు మనకి ఇంకా ఉన్నారు, అదే నా తొందర. తాళ్లరేవు, కోరంగి పరిసరాల్లో చెక్క బోట్లు కట్టే మేస్త్రులు ఇంకా మిగిలారు. ఒక పెద్దాయన దగ్గర కూర్చుని కొలతలు ఎక్కడ రాసుకుంటారు మేస్త్రి గారూ అని అడిగితే నవ్వాడు. "కాగితం ఎక్కడుందండీ బాబూ, అంతా చేతిలోనే ఉంటాది. వంపు తిరిగిన తుమ్మ దుంగ చూస్తే బోటులో ఎక్కడ కూర్చుంటాదో కంటికి తెలిసిపోద్దండి. ఫైబరు బోటొచ్చాక మా పిల్లలు ఈ పనికి రామంటన్నారు." ఆయనని తప్పుపట్టలేం, పిల్లల్నీ తప్పుపట్టలేం, ఫైబరు బోటు తేలిక, చవక, మరమ్మతు తక్కువ. కానీ కాగితం మీద లేని ఆ విద్య ఆయనతో పాటే పోతుంది. దాన్ని ఇప్పుడు వీడియో తీయకపోతే, కొలతలు రాసిపెట్టకపోతే, రేపు కోట్లు పోసి మ్యూజియం కట్టినా అందులో పెట్టడానికి ఏముంటుంది? కోరంగిలో ఒక పాకలో ఒక చెక్క బోటు సగం కట్టి నిలబెట్టండి, ఆ మేస్త్రులకి జీతమిచ్చి వచ్చినవాళ్ళకి చూపించమనండి. నేనడిగేది అంతే, అద్దాల బిల్డింగు అక్కర్లేదు.

దీవి మీద ఉండే మత్స్యకార కుటుంబాల మాటేంటని అడిగేవాళ్ళు కరెక్టుగానే అడుగుతున్నారు. వాళ్ళకి ఆస్పత్రి అంటే పడవ, సరుకులంటే పడవ. చరిత్ర పేరు చెప్పి వాళ్ళని అక్కడ నుంచి లేపేస్తే దానికి నేను ముందు అడ్డం పడతాను. రిసార్టు వస్తే వాళ్ళకి దొరికేది మహా అయితే గదులు ఊడ్చే పని. అదే దీవినీ నీళ్ళనీ చూపించే గైడు పని వాళ్ళకే ఇస్తే? ఏ కాలువలో ఆటుకి నీళ్ళు తీస్తాయో, ఏ మేట పోయినేడు లేదో వాళ్ళకి తెలిసినంత ఎవరికి తెలుసు? నన్ను తీసుకెళ్ళిన తండేలు (పడవ నడిపే పెద్ద) బాబాయ్ మాటల్లోనే దీవి ఉత్తరపు కొన ఎలా జరుగుతోందో నాకు బోధపడింది, ఏ రిపోర్టూ అంత తేలిగ్గా చెప్పలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక అది, రాత్రి లైట్లూ పాటలూ అక్కడ కుదరవు. ఇంకో సంగతి, ఈ ఇసుకనీ మడ అడవినీ కదిపితే ఏమవుతుందో పక్కనే ఉప్పాడలో చూస్తున్నాం, సముద్రం ఇళ్ళనీ రోడ్డునీ తినేస్తోంది, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో జియో ట్యూబు గోడ వేస్తే దాన్నీ చీల్చింది. ఉప్పాడ కోతకి కారణాలు ఒకటి కాదు, అయినా ఈ తీరంలో ఒకచోట ఇసుక ఆగితే ఇంకోచోట కరువవుతుందన్నది మాత్రం అందరికీ తెలిసిన సంగతే. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లు కొట్టేశారు, కోర్టుల దాకా వెళ్ళింది. 1996 నవంబర్ తుపాను చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, మడ అడవి విలువ వాళ్ళని అడగండి.

ఒకరోజు తీరిక చేసుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకి: హోప్ ఐలాండ్‌కి పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం గాలి లేస్తే తిరుగు ప్రయాణం ఇబ్బంది. అటవీ శాఖ అనుమతి, వాతావరణం ముందే కనుక్కోండి, తాగే నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక యానాం రోడ్డు పట్టుకోండి. ముందు చొల్లంగి వస్తుంది, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యే చోటు. తర్వాత కోరంగి, తాళ్లరేవు, ఇంజరం, చివర యానాం, అన్నీ కలిపి 30 కిలోమీటర్ల లోపే. కోరంగిలో అభయారణ్యం టిక్కెట్టు తీసుకునే చోట ఆగిపోకుండా ఊళ్ళోకి వెళ్ళి, పాత రేవు ఎక్కడుండేదని పెద్దవాళ్ళని అడగండి. చందుర్తి మాత్రం ఈ దారిలో పడదు, పిఠాపురం వైపు, దానికి ఇంకో పూట పెట్టుకోవాలి.